ప్రశ్నలు ఇస్త్రీ చేసిన మాస్టారు

మాస్టారు పోయారని తెలిసింది మా పేట పార్టీ ఆఫీసులాంటి పాడా క్లబ్బు మీద ఎర్రజెండా దించేసిన వారంలోనే. కలకత్తాకి గంగ ఇవతలి మా షాలిమార్ వీధులు కొత్తగా గెలిచిన పార్టీ ఆకుపచ్చ గులాల్ పులుముకుని ఊరేగుతుంటే, ఆయన్ని తీసుకెళ్ళే బండికి దారి దొరకడం కష్టమయిందట. తరవాత ఆదివారం తెలుగు సంఘం హాల్లో సంతాప సభ పెట్టారు. కూలీల పిల్లలను శాస్త్రవేత్తలతో మాట్లాడించిన మహానుభావుడన్నారు ఒకరు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ప్రపంచం చూపించాడన్నారు ఇంకొకరు. ఆయన పనిచేసిన బడిలోనే తెలుగు చెప్పినదాన్ని కాబట్టి నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఒంట్లో బాగోలేదని చెప్పి వెనక వరసలో కూర్చున్నాను. నా ఒంటికేం, గుండ్రాయిలా ఉంది. నేను చెప్పదలచుకున్నది దండ వేసిన ఫోటో ముందు చెప్పే మాట కాదు, అంతే.

నాకు ఆ మనిషి మీద కోపం. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. అలా అనేవాళ్ళను వచ్చి కాసేపు నా పక్కన కూర్చోమనండి. ఒక పసివాడి ప్రాణం ఈయన చేతుల మీదుగా పోయింది. ఆ ఊసు సభలో ఒక్కరూ ఎత్తలేదు. ఆయనే ఉండి ఉంటే ముందు అదే చెప్పేవారు. చెడ్డవాడయితే నా పని సులువయ్యేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆయన మా బడిలో సైన్సు చెప్పేవారు. గూడ్సు యార్డు పక్క సందులో ఒక గదిలో ఒంటరిగా ఉండేవారు. షాలిమార్‌లో బతికే మనిషికి తెల్లచొక్కా అంటే మాటలా? బొగ్గు, సిమెంటు, లారీల దుమ్ము, పొద్దున ఉతికి ఆరేసింది మధ్యాహ్నానికి బూడిదరంగు తేలుతుంది. అలాంటిచోట ఆయన రోజూ మల్లెపువ్వులాంటి చొక్కాతో వచ్చేవారు. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటి ఉండేది ఆయనకి. దాంతో చొక్కా, పంట్లాం సరే, జేబురుమాలు కూడా ఇస్త్రీ చేసుకునేవారు. కుర్చీలో కూర్చోబోయే ముందు ఆ రుమాలుతో దులిపి, మళ్ళీ అదే మడత మీద మడిచి జేబులో పెట్టేవారు. ఆ దులపడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఏం మాస్టారూ, చొక్కాకి గంజి పెట్టారా, సిమెంటు పెట్టారా?" అనేదాన్ని.

"నవ్వుకోండమ్మా. మనమెలగుంటే మనోళ్ళంతా అలగేననుకుంటారు ఈ బెంగాలీ బాబులు" అనేవారు.

ఆ మాట ఊరికే అనలేదు. ఒకసారి నగరంలో ఏదో సైన్సు ప్రదర్శనకి పిల్లలను తీసుకెళ్ళాం. మా కుర్రవాడు నీటి పంపు నమూనా చక్కగా చేశాడు. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి దాని సంగతి ఒక్క ముక్క అడగలేదు. మీ నాన్నేం చేస్తాడన్నాడు. రేవులో బస్తాలు మోస్తాడని వీడన్నాడు. "ఓ, మద్రాసీ కూలీలా" అని ఆయన పక్క బల్లకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు లాంచీలో మాస్టారు గంగ వైపు తిరిగి కూర్చున్నారు. నాకా రోజు ఆయన మీద జాలేసింది. ఆ జాలి అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండును.

తరవాత ఒకటి రెండేళ్ళకి మా బడికి కంప్యూటరు వచ్చింది, దాని వెనకే ఇంటర్నెట్టూ వచ్చింది. నగరంలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసే కొందరు శాస్త్రవేత్తలు నెలకొక శనివారం మధ్యాహ్నం తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. ఎక్కడెక్కడి బడుల పిల్లలో ప్రశ్నలు టైపు చేసి పంపితే, అప్పటికప్పుడు జవాబులు రాసేవారు. బొమ్మా లేదు, గొంతూ లేదు, తెర మీద అక్షరాలే. ఏ బడి ప్రశ్న అయినా అందరికీ కనబడేది, ఎవరు అడిగారో పక్కన బడి పేరుతో సహా. ఆ ఏర్పాటు సంగతి ఎక్కడో చదివి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, మా బడిని అందులో చేర్పించింది మాస్టారే. కాదనను. చేరిన రోజున పిల్లలందరికీ సొందేశ్ మిఠాయి పంచిపెట్టారు.

మా పిల్లలకు ఇంగ్లీషు రాదు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, సినిమా హాల్లో హిందీ. కాబట్టి వాళ్ళు వరసలో నిలబడి ఒక్కొక్కరే తెలుగులో అడిగితే, మాస్టారు దాన్ని ఇంగ్లీషు చేసి రెండు వేళ్ళతో టైపు చేసేవారు. వరస తప్పకుండా చూడటం నా పని. ఇంగ్లీషు చేయడమంటే చేశారా? ఇస్త్రీ చేసేవారు. పిల్లవాడి నోట్లోంచి వచ్చిన ప్రశ్నలో ఇల్లు, వాడ, వాసన, ఆకలి ఏమున్నా మడతలు పోయేలా రుద్దేసేవారు.

గౌరయ్య అని ఒకడు అడిగాడు, "నిద్దరోతన్నోల్ల కాలివేళ్ళే ఎలకలు ఎందుకు కొరుకుతాయి? కొరికినప్పుడు మనకి తెలీదేటి?" అని. మాస్టారు రాసింది తెలుగులో చెప్పాలంటే, "మూషికముల ఆహారపుటలవాట్లు ఎట్టివి?" అవతలివాళ్ళు పాపం ధాన్యాలు, గింజలు, దుంపలు అని జాబితా రాశారు. మాస్టారు అది చదివి వినిపిస్తే గౌరయ్య కట్టు కట్టిన తన బొటనవేలు ఎత్తి చూపించి, "మరి నాదేటి, దాన్యమా?" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"వాడడిగింది అడగొచ్చు కదా మాస్టారూ" అన్నాను.

"ప్రశ్నని బట్టి ఇల్లు తెలుస్తాదమ్మా. మన ఇళ్ళల్లో ఎలకలు మనుషుల్ని పీక్కు తింటన్నాయని నలుగురికీ సెప్పుకోమంటారా?"

"తింటున్నాయి కదా మరి."

"తింటే తిననీండి. సెప్పుకోడమెందుకు?"

ఇదీ వరస. ఒకసారి అవతలినుంచి ఒక శాస్త్రవేత్త, ఆవిడెవరో, ఇలా రాసింది: "మీ బడి ప్రశ్నలు చాలా బాగుంటాయి. ఇవి పిల్లలు అడిగినవేనా?" మాస్టారు పొంగిపోయి రెండుసార్లు చదివారు. అది పొగడ్త కాదండీ అన్నాను. మీకు అన్నీ వంకరగానే కనపడతాయమ్మా అన్నారు. ఆ రోజు మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. తరవాత కొన్నాళ్ళు టీ దగ్గర కూడా ఎడమొగం పెడమొగంగానే ఉన్నాం.

పైడమ్మ ఏడో తరగతి. తండ్రి రేవులో పని. తల్లి గూడ్సు యార్డు వెనకనున్న షెడ్డులో పని. లారీల పాత బ్యాటరీలు అక్కడికి వస్తాయి. ఆడవాళ్ళు వాటిని సుత్తులతో పగలగొట్టి, లోపలి పలకలు బయటికి తీస్తారు. మగవాళ్ళు వాటిని పొయ్యి మీద కరిగించి సీసం దిమ్మలు పోస్తారు. పైడమ్మకి అయిదేళ్ళ తమ్ముడు. ఇంట్లో చూసే దిక్కు లేక తల్లి వాణ్ణి రోజూ వెంటబెట్టుకెళ్ళేది. వాడు ఆ పొడిలోనే ఆడుకునేవాడు, ఆ చేతులతోనే ముర్మురాలు తినేవాడు.

ఆ శనివారం పైడమ్మ వరసలో ముందుకొచ్చి అడిగింది. ఆ పిల్ల మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"మాస్టారు, మా తమ్ముడికి పళ్ళకాడ, సిగుళ్ళ అంచుకి నీలంగా గీత ఉందండి. ఎంత తోమినా పోదు. రోజూ కడుపునొప్పని ఏడుస్తాడు, అన్నం తినడు. మాయమ్మ బేటరీలు కరిగించేకాడికి తీసుకెల్తాది వోణ్ణి. ఏటండి అది?"

మాస్టారు అప్పటికే టైపు చేస్తున్నారు. చిగుళ్ళు అన్న మాట దగ్గరే ఆయన చెవి ఆగిపోయింది. మిగతాది ఆయనకి ఇంటి గొడవ. తెర మీద పడిన ప్రశ్న ఇది: చిగుళ్ళకు రంగు దేనివలన కలుగును?

"కడుపునొప్పి సంగతి వదిలేశారే?" అన్నాను. అంతకు మించి నాకూ ఏమీ తోచలేదు, తెలుగు పంతులమ్మను.

"ఆ గోలంతా ఎందుకమ్మా. అడగవలసింది అడిగాను" అన్నారు.

జవాబు వచ్చింది. మెలనిన్ అనే పదార్థం వల్ల రంగు వస్తుంది, మనిషికీ మనిషికీ తేడా ఉండటం సహజం అని. మాస్టారు చదివి వినిపించారు. పైడమ్మ కదల్లేదు.

"అయితే బయం లేదా మాస్టారు?"

"సైంటిస్టుగారే సహజం అన్నారు కదమ్మా. ఇంకేటి బయం?"

సీసం గుర్తు, సీసం పరమాణుభారం, సీసం విషపదార్థమన్న సంగతి, అన్నీ ఏటేటా బోర్డు మీద రాసి పిల్లల చేత వల్లె వేయించిన మనిషి ఆయన. పుస్తకంలో సీసం వేరు, పైడమ్మ వాళ్ళమ్మ కరిగించే సీసం వేరు కాబోలు.

పైడమ్మ పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళి తల్లికి చెప్పింది. ఆ తల్లి అప్పటికే పిల్లవాణ్ణి గంగ దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని, పనికి రానని షెడ్డులో చెప్పి ఉంచుకుంది. శాస్త్రవేత్తే ఫరవాలేదన్నాక ఇంకెందుకని మానుకుంది. సందు చివర మందుల షాపులో నులిపురుగుల మందు కొని పట్టించి, వాణ్ణి మళ్ళీ షెడ్డుకే తీసుకెళ్ళింది.

మరుసటి నెల శనివారం ఇంకా రాకముందే వాడికి ఫిట్సు వచ్చాయి. ఆసుపత్రిలో తల్లికి బెంగాలీ సరిగ్గా రాదని నన్ను రమ్మన్నారు. సంగతి తెలిసి మాస్టారూ వచ్చారు, అదే తెల్లచొక్కాతో. డాక్టరు చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. పిల్లవాడి పెదవి పైకెత్తి చూసి, తల్లి చేతులు తిప్పి చూసి, నువ్వెక్కడ పనిచేస్తావని అడిగింది. నేను చెప్పాను. ఆ అమ్మాయి ముఖం మారిపోయింది. ఈ గీత ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా అని అడిగింది.

నేను తెలుగులో ఆ ప్రశ్న అడిగితే తల్లి కొంచెం నిటారుగా నిలబడింది. తను అజాగ్రత్తగా లేనని డాక్టరుకి చెప్పాలనుకుంది పాపం.

"ఎందుకు సూడలేదమ్మా, సూసినాం. ఇస్కూల్లో కంపూటర్లో సైంటిస్టుబాబునే అడిగించినాం. ఏటీ బయం లేదు, సహజం అన్నాడు. సెప్పండమ్మా ఆ డాక్టరమ్మకి."

ఇది నేను బెంగాలీ చేసి చెప్పాలి. నేను డాక్టరు వైపు తిరిగేలోగా మాస్టారే ముందుకొచ్చారు. బెంగాలీలోనే చెప్పారు, తరవాత తల్లి వైపు తిరిగి తెలుగులోనూ చెప్పారు.

"శాస్త్రవేత్త తప్పు లేదమ్మా. ఆయన్ని ఎవరూ అడగలేదు. నీ కూతురు నన్నడిగింది, నేను అడగలేదు. ఇంకోటేదో అడిగి, దాని జవాబు మీకిచ్చాను."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆయన్ని తిట్టలేదు. ఆయన ముఖం వంకా, చొక్కా వంకా చూసి, వెళ్ళి పిల్లవాడి మంచం పక్కన నేల మీద కూర్చుంది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. పిల్లవాడు బతకలేదు.

తరవాతి సంవత్సరాల మాస్టారు సభలో వాళ్ళు పొగిడిన మనిషి కాదు. ఆయన షెడ్డు మూయించాలని తిరిగారు. పాడా క్లబ్బులో పార్టీ పెద్దల దగ్గరికి వెళితే బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి, "మాస్టర్ మొశాయ్, ఇంతమంది అన్నం మాటేమిటి?" అన్నారు. గోల పడలేక షెడ్డువాళ్ళు పట్టాలకి అవతలి వైపుకి మారారు. పని మాత్రం ఆగలేదు. ఆడవాళ్ళకి నడక ఎక్కువైంది, ఆ పాపమూ మాస్టారికే చుట్టుకుంది. కుళాయి దగ్గర ఆయన కనబడితే వినేట్టు శాపనార్థాలు పెట్టేవారు. పైడమ్మ తల్లీ అక్కడికే పనికి వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది?

ఇంకొకటి పట్టుకుంది ఆయనకి. సందులో ఏ పిల్లవాడు ఎదురైనా ఆపి, "నోరు తెరు నాన్నా" అని బొటనవేలితో పెదవి ఎత్తి చూసేవారు. సంత్రాగాఛి లోకల్ రైల్లో ఎవరి చంకలోని పిల్లనో ఇలాగే చూడబోతే ఆ తండ్రి కొట్టినంత పని చేశాడు. పిల్లలు ఆయన్ని పళ్ళ మాస్టారని పిలిచేవారు, కనబడితే నోరు మూసుకుని పారిపోయేవారు. ఇద్దరు ముగ్గురికి ఆ గీత కనబడితే తల్లులతో దెబ్బలాడి, తనే లాంచీ ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళు బతికారు. ఆ లెక్క ఈ లెక్కకి చెల్లదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా చొక్కా ఇస్త్రీ మానలేదు. మానితే చూడాలని నేను చాలా కాలం కనిపెట్టుకుని ఉన్నాను. ఊఁహూఁ.

అన్నీ చెప్పాను కానీ నేను ఆయన్ని తలచుకున్నప్పుడు కనబడేది ఇవేవీ కాదు. పిల్లవాడు పోయాక వచ్చిన మొదటి ప్రశ్నల శనివారం కనబడుతుంది.

ఆ వారమే పైడమ్మ మళ్ళీ బడికి రావడం మొదలుపెట్టింది. మాస్టారు కంప్యూటరు పెట్టి కూర్చున్నారు. వేరే బడుల ప్రశ్నలు తెర మీద గబగబా పడిపోతున్నాయి. మావాళ్ళలో ఒక్కరూ వరసలోకి రాలేదు. చివరికి పైడమ్మ లేచి వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడింది.

"మాస్టారు, నానడిగింది మీరు అడగలేదంట. మాయమ్మ సెప్పింది."

"అడగలేదమ్మా."

"ఎందుకు?"

ఇంకెవరయినా అయితే టైము చాల్లేదనో, దానికి ఇంగ్లీషు మాట తట్టలేదనో అనేవారు. నేనయితే అలాగే అని ఉండేదాన్ని. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, బయటివాళ్ళెవరో వచ్చినప్పుడు లేచినట్టు.

"సిగ్గేసిందమ్మా."

"ఎవల్ని సూసి?"

"మిమ్మల్ని సూసి. మీ ఇల్లు సూసి, మీయమ్మ సేసే పని సూసి. అవతలోళ్ళు మనల్ని ఏటనుకుంటారోనని."

గది గదంతా విన్నది. పిల్లల ముఖాల్లో ఆశ్చర్యమేమయినా కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. వాళ్ళకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. నాకు అక్కడ నిలబడటం చేతకాక కిటికీ వైపు తిరిగాను.

"ఇప్పుడు అడగండి" అంది పైడమ్మ.

"ఇప్పుడేటమ్మా..."

"నానెలగడిగినానో అలగే అడగండి."

మాస్టారు కూర్చున్నారు. ఆ పిల్ల మొదటినుంచి మళ్ళీ చెప్పింది. నీలం గీత, తోమినా పోకపోవడం, అన్నం తినకపోవడం, అన్నీ వాడు ఇంట్లో ఉన్నట్టే చెప్పింది. ఆయన ఒక్కొక్క ముక్కే రాస్తూ పోయారు.

"కడుపునొప్పి రాసినారా?"

"రాసినానమ్మా."

"బేటరీలు?"

"రాసినాను."

ప్రశ్న వెళ్ళింది. మామూలుగా జవాబుకి కాసేపు పట్టేది. ఆ రోజు వెంటనే వచ్చింది, ఒకరి తరవాత ఒకరు రాశారు. మిగతా బడుల ప్రశ్నలన్నీ ఆగిపోయాయి. మాస్టారు ఒక్క మాట వదలకుండా తెలుగు చేసి పైకి చదివారు. బాబు ఒంట్లో సీసం చేరి ఉండవచ్చు. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, సోమవారం దాకా ఆగకండి. మళ్ళీ ఆ షెడ్డు దగ్గరికి పంపకండి. భయపడకండి, త్వరగా వెళితే దీనికి వైద్యం ఉంది. మీరెక్కడుంటారో చెప్పండి, మేమే ఎవరినయినా పంపుతాం.

ఆఖరున ఒకావిడ రాసింది. బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

మాస్టారు అదీ చదివి, పైడమ్మ వైపు తిరిగారు. ఆ పిల్ల తెర మీది అక్షరాల వంక చూస్తూ నిలబడింది. వాటిలో ఒక్కటీ దానికి చదవడం రాదు.

"లేడని రాయండి" అంది.